నన్ను గెలిపించొద్దు

ఆటలో ఓడిపోయి ఏడ్చే పిల్లలను మీరు చాలామందిని చూసి ఉంటారు. నేను గెలిస్తే ఏడ్చేదాన్ని. తప్పు నాది కాదు, మా బాపుది.

మాది మహబూబ్‌నగర్ దగ్గర ఒక పల్లె. పత్తి చేను, కొన్ని గొర్రెలు, ఇంట్లో నేనొక్కతినే ఆడపిల్లను. నాకు పదేళ్లప్పుడు బాపు టౌనుకు పోయి టీవీకి తగిలించే వీడియో గేమ్ కొనుక్కొచ్చాడు. సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా పక్కన చాప మీద కూర్చునేవాడు. కార్ల పందెం పెడితే చివరిదాకా ముందుండి, సరిగ్గా గీత దగ్గరికి రాగానే తన కారును తీసుకుపోయి గోడకు గుద్దేవాడు. "అబ్బబ్బ, నా బిడ్డ గెలిసిందిరో!" అని చప్పట్లు. చిమ్మచీకట్లో గట్ల వెంట ఎద్దులబండి తోలుకొచ్చే మనిషికి టీవీలో అంత పెద్ద గోడ కనిపించదా?

"బాపూ, నువ్వు కావాల్నని ఓడిపోతున్నవ్" అని ఏడిస్తే "లేదు బిడ్డా, ఒట్టు" అనేవాడు. ఒట్టేసి మరీ అబద్ధం! మా చిన్నాయన కొడుకులతో ఆడదామంటే వాళ్లకు ముందే హెచ్చరికలు పోయేవి. పిల్ల ఓడిందో, మీ వీపులు పగులుతయ్ అని. అట్లా నేను ఇంటర్ దాకా ఒక్క ఆట కూడా ఓడలేదు. నాకు ఆడటం వచ్చునో రాదో తెలుసుకునే దారి కూడా లేదు. ఇదేం బాధ అని మీకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

డిగ్రీ అయ్యాక షాద్‌నగర్‌లో మందుల కంపెనీలో పని దొరికింది. మందు డబ్బాల మీద సీలు సరిగ్గా పడిందో లేదో పొద్దంతా చూడటమే ఆ పని. ఇద్దరు అమ్మాయిలతో కలిసి కిరాయి గదిలో ఉండేదాన్ని. మా వీధి చివర ఒక మొబైల్ షాపు పైన ఆటల దుకాణం ఉండేది. రెండు పెద్ద టీవీలు, చిరిగిన సోఫాలు, గంట లెక్కన కిరాయి. ఆదివారం మధ్యాహ్నం ధైర్యం చేసి మెట్లెక్కాను. లోపల ఆడపిల్లను నేనొక్కతినే.

"చెల్లే, జర అల్కగ, ఈజీగ ఉండేది పెట్టాల్నా?" అన్నాడు దుకాణం అన్న. నాతో ఆడిన ఇద్దరు పిల్లగాళ్లు పళ్లికిలిస్తూ ఓడిపోయి, "మేడం మస్తు ఆడుతున్నరు" అన్నారు. మళ్లీ అదే! బాపును వదిలి ఇంత దూరం వస్తే ఇక్కడ కూడా బాపులే దొరికారు నా ఖర్మకు.

ఇంతలో మూల కూర్చున్న ఒకతను లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మర్రిగూడ వైపు అతను, షాద్‌నగర్‌లోనే ఇంకో కంపెనీలో ఎలక్ట్రీషియన్. నా ముఖం వైపు చూడకుండా, వరసగా తొమ్మిది ఆటలు ఓడించాడు. తొమ్మిదోది అయ్యాక, "ఇంకోటి ఆడ్తవా, ఇంటికి పోతవా?" అన్నాడు. నన్ను అంత మాట అన్నవాళ్లు పుట్టలేదు అప్పటిదాకా. ఆ రోజు గదికి వచ్చి కోపంతో ఇద్దరి అన్నం తిన్నాను. "ఎవల మీదనో మనసు వడ్డట్టుంది" అని మా గది పిల్లలు గుసగుసలు. మనసు కాదు నా మొహం, కసి!

ఆ కసితోనే మూడు నెలలు ప్రతి ఆదివారం పోయాను. అంత విసిగించే మనిషిని నేను చూడలేదు. ఓడిపోయానని ఒక్క మంచి మాట అనడు. పైగా పాఠం చెబుతాడు. "మలుపు కాడ బ్రేకు ముందుగాల కొడ్తున్నవ్. భయమైతుందా?" అంటాడు. మిర్చీబజ్జీలు తెప్పిస్తే పెద్దది తనే తీసుకుంటాడు. ఒకనాడు నేను గెలిచాను. అతని ముఖం మాడిపోయింది. చాయ్ కూడా తాగకుండా దబదబా మెట్లు దిగిపోయాడు. పది నిమిషాలకు తిరిగొచ్చి, "మల్ల పెట్టు" అన్నాడు. ఆ మాడిన ముఖం చూశాక నాకు నమ్మకం కుదిరింది, నేను నిజంగానే గెలిచానని. నిజం చెబుతున్నా, అతను నాకు నచ్చింది ఆ నిమిషానే.

పెళ్లి మాట అడిగిన తీరు వినండి. కార్ల పందెంలో ఆఖరు చుట్టు, నేను ముందున్నాను. "మీ ఇంట్ల సంబంధాలు సూస్తున్నరంట గద. నన్ను చేసుకుంటవా?" అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా. నా కారు కందకంలో పడింది. తను తాపీగా గీత దాటాక ఇటు తిరిగాడు.

"గిదేం మోసం!" అని అరిచాను.

"మరెప్పుడు అడగాలె? ఆట అయినంక నువ్వు కొట్లాటకొస్తవ్" అన్నాడు.

"చేసుకుంట గని, ఒక్కటే షరతు. నన్ను ఎన్నడు గెలిపియ్యద్దు. గెలిపిచ్చినవని తెలిసిన్నాడు నీకు నాకు కటీఫ్."

"గా ఫికర్ నీకెందుకు? పానం పోయినా నాతోని కాదు."

మా అదృష్టం, కులం కలిసింది, వరసా కలిసింది. బాపుకు మాత్రం ఒక అనుమానం. "పిలగాడు ఆటలాడుతడంట, పేకాటనా?" అన్నాడు. టీవీ ఆటలని చెబితే ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే నీతోని ఓడిపోతడా?" అని అడిగాడు. "అస్సలు ఓడడు" అన్నాను గొప్పగా. బాపు ముఖం చిన్నబోయింది. పెళ్లి సందడిలో నేను పట్టించుకోలేదు.

తాళి కట్టాక మా దిక్కు ఉంగరం ఆట ఉంటుంది. బిందెలో పసుపునీళ్లు పోసి ఉంగరం వేస్తారు. పిల్లా పిలగాడూ ఇద్దరూ చెయ్యి పెట్టి వెతకాలి. మూడుసార్లు. ఎవరికి ఎక్కువసార్లు దొరికితే ఇంట్లో వాళ్ల మాటే చెల్లుతుందని ముసలమ్మలంతా చుట్టూ మూగుతారు. మొదటిసారి చెయ్యి పెట్టగానే దొరికింది. నా అదృష్టమే అనుకున్నాను. రెండోసారి వేళ్లు అడుగుకు పోతే అతని అరచెయ్యి తగిలింది. ఉంగరం ఆ అరచేతిలోనే ఉంది. అతను పిడికిలి మూయలేదు, ఉంగరం నా వేళ్లలోకి వచ్చేసింది.

మా చిన్నమ్మలు ఒకటే కేకలు. "పిల్ల గెలిసింది! ఇగ పిలగాని పని అయిపాయె!" నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు ఇడిసిపెట్టినవ్?" అన్నాను పళ్ల సందున.

అతను తలెత్తలేదు. "మీ బాపు అడిగిండు. పొద్దుగాల నా రెండు చేతులు వట్టుకున్నడు. నా బిడ్డ ఓడితే తట్టుకోదు, జర ఇడిసిపెట్టు అల్లుడా అన్నడు. గా పెద్దమనిషికి కాదని ఎట్ల చెప్తా?"

బాపు వైపు చూశాను. స్తంభం పక్కన నిలబడి, భుజం మీద తువ్వాల సర్దుకుంటూ, పైన తిరిగే ఫ్యానును చూస్తున్నాడు. ఇంత పెరిగాను, ఉద్యోగం చేశాను, పరాయి ఊళ్లో నా బతుకు నేను బతికాను. అయినా ఆయనకు నేను ఓడితే పగిలిపోయే పిల్లనే. కోపమొచ్చింది, దుఃఖమూ వచ్చింది.

"రెండు గెలిసినవ్, సాలు బిడ్డా, లెవ్వు" అంది మా మేనత్త.

"లెవ్వను అత్తా. గా రెండు లెక్కల్లకు రావు. ఇప్పుడాడేదే అసలుది." చుట్టూ ఉన్న పెద్దవాళ్లు అపశకునమని నోళ్లు నొక్కుకున్నారు. నేను వినలేదు. "బాపూ, ఇటు రా. నా పక్కకు కూసో. నేను ఓడుత గావచ్చు. నువ్వు సూడాలె." తర్వాత పెళ్లికొడుకుతో చెప్పాను. "ఈసారి ఇడిసిపెట్టినవో, ఈ బిందె నీ నెత్తిమీద కుమ్మరిస్త."

ఇక ఆగలేదు ఇద్దరం. నీళ్లు ఎగిరి పెళ్లి చేయించే అయ్యగారి ధోవతి పసుప్పచ్చగా అయింది. నా గోరు విరిగింది. ఉంగరం రెండుసార్లు నా వేళ్లకు చిక్కింది, రెండుసార్లూ గుంజుకున్నాడు. చివరికి చెయ్యెత్తి, దుకాణంలో గెలిచినప్పుడు అరిచినట్టే "వచ్చింది!" అని సిగ్గులేకుండా అరిచాడు. వాళ్లమ్మ వీపు మీద ఒక్కటేసింది.

బాపు కంగారుగా తువ్వాలతో నా ముఖం తుడవబోయాడు. "పోనియ్ బిడ్డా, ఏడువకు."

"ఏడుస్తలేను బాపూ, పసుపునీళ్లు. ఓడిపోయిన. సూడు, నాకేం కాలే."

బాపు నా ముఖాన్ని చాలాసేపు చూశాడు. విరిగిన గోరు చూశాడు. నేను నవ్వుతున్నానని నమ్మడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది. తర్వాత మెల్లగా అటు తిరిగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇగ మీదట నా మాట ఇనకు అల్లుడా" అన్నాడు.