గడ్డి మీద జారిన మనిషి

కళ్లు తెరిచాను. టీవీలో టెన్నిస్ ఆట, నాన్నకిష్టమైన ఆటగాడు గడ్డి కోర్టు మీద మళ్లీ జారిపడ్డాడు. చుట్టూ వేలమంది జనం, ఒక్క చప్పుడు లేదు. నేను కళ్లు మూసుకుంటే మాత్రం పాయింటు అతనిదే!

"నువ్వు చూడకే బిడ్డా, నీ దిష్టే తగుల్తుంది!" అని నాన్న నవ్వాడు.

ఏడేళ్లదాన్ని, నమ్మేశాను. అయినా ఆగలేక మూడోసారి చూశాను. అతను కాలు పట్టుకుని ఇక లేవలేదు.

మా ఇంటి దగ్గరి ముంతజా పార్కులో గడ్డి కోసిన వాసనొస్తే, ఆ లండన్ టెన్నిస్ ఫైనల్ ఇప్పటికీ గుర్తొస్తుంది. గడ్డి మీద ఎవరైనా జారతారని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే: నాన్న రోజూ పనిలో ఎత్తైన క్రేన్ ఎక్కుతాడు. డ్యూటీ బస్సెక్కే ముందు మా కిటికీ వైపు చెయ్యి ఊపుతాడు.

మర్నాడు పొద్దున బస్సు హారన్ మోగింది. నేను కిటికీ దగ్గరే నిలబడి, రెండు చేతులతో కళ్లు గట్టిగా మూసుకున్నాను.