హార్జ్ కొండల్లో చెప్పుల్లేని దీక్ష

మొన్న హానోవర్ నుంచి వస్తున్న రైల్లో ఒక తెలుగు స్టూడెంటు నా ఎదురుగా కూర్చున్నాడు. మెడలో అయ్యప్ప మాల, నల్లచొక్కా, కాళ్ళకు మాత్రం దిట్టమైన చలి బూట్లు. నేను బూట్ల వంక చూడటం గమనించి, "గురుస్వామే ఫోన్ల చెప్పిండు అంకుల్, ఈ చలికి ఏసుకోవచ్చంట," అని నవ్వాడు. మంచి పని చేశావు నాయనా అన్నాను గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగి కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను.

డాట్‌కామ్ కంపెనీలు పేకమేడల్లా కూలిన రోజులు మన బ్యాచ్ వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. జర్మనీలో చదివి, చేతిలో పట్టా పట్టుకుని ఏ గుమ్మం తొక్కినా లేదు పొమ్మనే కాలం. అప్పుడే హార్జ్ కొండల్లో, గాలివానకు కూలిన అడవిని మళ్ళీ నాటడానికి పని దొరకని కుర్రాళ్ళను పోగుచేసి ఒక క్యాంపు పెడితే, తిండీ పడకా అక్కడేనన్న ఒక్క మాటకు నేనూ, నా ఈడువాడే అయిన మా మేనత్త కొడుకూ పేర్లిచ్చాం. రేకుల షెడ్లలో పడక. పొద్దున్నుంచి చీకటిపడేదాకా బురద వాలులో గుంట తీయడం, మొక్క పెట్టడం, మడమతో తొక్కడం.

మా బావ ముక్క లేనిదే ముద్ద దిగని మనిషి. అలాంటివాడు, ఉద్యోగం వస్తే శబరిమల వస్తానని మొక్కుకుని, చెప్పే గురుస్వామి ఎవరూ లేకుండా తనంతట తానే మాల వేసుకున్నాడు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, అందరినీ స్వామీ అని పిలవడం. వారం తిరిగేసరికి జర్మన్ కుర్రాళ్ళు కూడా వాణ్ణి స్వామీ అనేవారు.

పనిలో బూట్లు లేకుండా కనబడినవాణ్ణి ఆ రోజే పంపేస్తారు, అది క్యాంపు నియమం. దీక్షలో చెప్పులు కూడదని బావ పట్టు. మేస్త్రీ కంటిముందు బూట్లు తొడుక్కుని, ఆయన మలుపు తిరగ్గానే విప్పేసేవాడు. ఆయన మళ్ళీ వస్తుంటే దగ్గడం నా వంతు. ఎంత సాయం చేస్తున్నాననుకున్నానో!

మంచు పడ్డాక ఒక సాయంత్రం వాడు కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. కుడికాలి వేళ్ళు నల్లబడ్డాయి, బొటనవేలి పక్కన పార తగిలి తెగిన గాయం నోరు తెరుచుకుంది. ఎప్పుడు తెగిందో వాడికే తెలియదు. "నొప్పే లేదు స్వామీ, అంతా అయ్యప్ప దయ. ఇంక పదకొండు రోజులే, నీ కాల్మొక్త, ఎవ్వలకు చెప్పకు," అన్నాడు.

మొద్దుబారిన కాలికి నొప్పి ఎక్కడిదని నాకు తట్టలేదంటే అబద్ధం. తట్టింది. చెబితే వాడితోపాటు, కాపలా కాసినందుకు నన్నూ పంపేస్తారని నోరు మూసుకున్నాను. మూడు రోజులు మూసుకున్నాను. నాలుగో రోజు జ్వరంతో వాడు వాలులోనే పడిపోతే జర్మన్ కుర్రాళ్ళు మోసుకుని దిగారు. ఆపరేషనుకు ముందు వాడి మెడలో మాల నేనే తీశాను. సగం పాదం తీసేశారు.

మా రోజుల్లో అడగడానికి ఎవరున్నారని పిల్లలతో అంటుంటాం గానీ, షెడ్డు బయటే ఫోను ఉండేది. ఒక్కసారి అత్తకు చేసి ఉంటే, ఆమె పెట్టే నాలుగు చీవాట్లకు వాడు బూట్లతోనే పడుకునేవాడు. ఈ కాలం పిల్లలు సిగ్గుపడకుండా అన్నీ అడుగుతారు. మనం గుట్టు దాచడమే స్నేహమనుకున్నాం.

ఊరికి వెళ్ళినప్పుడల్లా అత్త నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు పక్కన ఉన్నవ్ కాబట్టే నా కొడుకు పానంతోని వచ్చిండు బిడ్డా," అంటుంది. బావ అక్కడే కూర్చుని వింటుంటాడు. కాదని ఇన్నేళ్ళలో నేనూ చెప్పలేదు, వాడూ చెప్పలేదు.