నీలం ఊళ్ళో అక్కను దాటిపోయాం

మొన్న రెండో శనివారం, ఆబిడ్స్‌లో మేం ఏళ్ళ తరబడి కలుసుకుంటున్న ఇరానీ హోటల్లో, చాయ్ ఇంకా బల్ల మీదికి రాకముందే మా వదిన తన పెద్ద సంచీలోంచి నాలుగు ఫోటో ఫ్రేములు తీసి పేకముక్కలు పంచినట్టు పంచింది. చూద్దును కదా, కిందటేడు మొరాకో వెళ్ళినప్పుడు షెఫ్‌షావెన్ అనే కొండ ఊళ్ళో తీయించుకున్న ఫోటో. నీలం మెట్లు, నీలం గోడలు, నీలం తలుపు, ఆ తలుపు ముందు పళ్ళికిలిస్తూ మేం ముగ్గురం, అంటే వదిన, బడిలో నాతో ఒకే బల్ల మీద కూర్చున్న నేస్తం, నేను. నాలుగో ఫ్రేము నా చేతిలో పెట్టి, "ఇది అక్కకి. నువ్వెటూ కాచిగూడ మీదుగానే పోతావు కదా, ఇచ్చేసి పో" అంది. ఆ ఊరికి మేం వెళ్ళింది నలుగురం. ఆ ఫోటోలో అక్క లేదు. ఆవిడ లేని ఫోటోను ఆవిడకే కానుకగా పంపాలని తోచినందుకు వదినను ఏమనాలో తెలియక, ఎందుకు లేదో నాకు బాగా తెలుసు కనుక ఏమీ అనలేక, అరికాలి మంట నెత్తికెక్కి కూర్చున్నాను.

ఆ మంట ఇంకా దిగలేదు. దిగకముందే రాసేయాలని కాగితం పట్టుకున్నాను కనుక మాట కాస్త కటువుగా పడితే నా ఈడువాళ్ళు మన్నించాలి.

అక్క అంటే నా తోబుట్టువు కాదు. మా నాన్న గుంటూరు నుంచి గుమాస్తా ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చి, నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో కిరాయికి దిగినప్పుడు, మా పక్కిల్లు అక్కావాళ్ళది. వాళ్ళు తరతరాలుగా హైదరాబాదు వాళ్ళు. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోవడంతో ఆమెను బడికి ఆలస్యంగా పంపారు, అందుకే నాకంటే రెండేళ్ళు పెద్దదైనా నా తరగతిలోనే చదివింది. మోకాలి దాకా ఇనుప కడ్డీలున్న బూటు వేసుకునేది. వదిన మా మేనత్త కూతురు, మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. నేస్తం వాళ్ళ నాన్నకు బేగంబజార్లో పోపుదినుసుల కొట్టు, ఇల్లు మాత్రం మా సందు చివర. బడి ఆబిడ్స్‌లో. నలుగురం రోజూ నడిచే పోయేవాళ్ళం.

ఒక వానాకాలం సాయంత్రం, బడి నుంచి వస్తుంటే ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. మేం ముగ్గురం పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తి ఒక బట్టల కొట్టు చూరు కిందికి చేరాం. అక్క పరుగెత్తలేదు కదా, రోడ్డు మధ్యన, అదే నడకతో, ముద్దగా తడిసి, ఒక సైకిలు గుద్ది పడిపోయి, తనే లేచి వచ్చింది. ఇంటికి వెళ్ళాక అక్కావాళ్ళ అమ్మ, నేను పెద్దమ్మ అనేదాన్ని, మమ్మల్ని ముగ్గురినీ అరుగు మీద నిలబెట్టింది. కొట్టలేదు, తిట్టలేదు. "రేపటి సంది ఆమె ముందట నడుస్తది, మీరు ఎనుక నడ్వాలె. ఆమె నిలవడితె నిలవడాలె. ఎవ్వలు దాటొద్దు" అని మాత్రం చెప్పి లోపలికి పోయింది.

అంతే. ఆ మాట మాకు శాసనమైపోయింది. మొదట్లో ఒళ్ళు మండేది, ఎందుకు దాచాలి, వదిన అయితే వెనుక నుంచి ఆవలిస్తూ అడుగులు లెక్కపెట్టేది. నెలా రెండు నెలలు గడిచాక అదే మా నడక అయిపోయింది. అక్క వెనుక నడిచినందువల్లనే మాకు నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా ప్రతి గడపా తెలిసింది. కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేసే తాత మమ్మల్ని చూసి టైము సరిచూసుకునేవాడు. దర్జీ కొట్టులో చిలక అక్క బూటు చప్పుడుకి అరిచేది. పరుగులు తీసే పిల్లలకు చిలకలు పలకవు. కాలేజీకి వచ్చాకా అదే వరస, ఉద్యోగాలొచ్చాకా అదే వరస. పెళ్ళిళ్ళయి నలుగురం నాలుగు పేటలకు పోయినా, ముగ్గురం అనాలి, అక్క పెళ్ళి చేసుకోలేదు, నాంపల్లిలో ఆడపిల్లలకు టైపు నేర్పుతూ ఉండిపోయింది, రెండో శనివారం ఆబిడ్స్‌లో కలిసినప్పుడు కాలిబాట మీద ఆమె ముందు, మేం వెనుక. పెద్దమ్మ పోయాక కూడా అదే.

ఆ నీలం ఊరు అసలు ఎవరిదనుకున్నారు? అక్కది. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు కదా, మీలో సగం మంది చదువులు అక్కడి నుంచే వచ్చి ఉంటాయి. అక్కడ మోకాళ్ళ మీద కూర్చోలేక, నిలబడే వెతికి వెతికి, చివరికి అట్టలేని ఒక విదేశీ పత్రిక కొన్నది. అందులో ఒక కొండ మీద ఒక ఊరు, ఊరంతా నీలం. ఆ పేజీ చింపి తన టైపుమిషను బల్ల అద్దం కింద పెట్టుకుంది. ఆ బల్ల దగ్గర ఎంతమంది పిల్లలు కూర్చుని లేచారో, అందరూ ఆ ఊరు చూస్తూనే టైపు నేర్చుకున్నారు. "చస్తె చస్త గని, ఒక్కపారి గా ఊరు చూడాలె" అనేది. ముప్పై ఏళ్ళు అదే మాట. చివరికి ముగ్గురం ఉద్యోగాలు మానుకుని, బాధ్యతలు దులుపుకుని, ఆమెను తీసుకుపోతున్నామని గొప్పలు చెప్పుకుని బయల్దేరాం. చెప్పేవి శ్రీరంగనీతులు.

ఊరికి పదకొండు దాటాక చేరాం. వ్యాను కింద ఆగిపోయింది, సాయంత్రం నాలుగింటికి తిరిగి రావాలన్నాడు డ్రైవరు. నేను చూసిన ఊళ్ళలో అంత అందమైన ఊరు లేదు, ఆ మాట కోపంలోనూ ఒప్పుకోవాలి. సందులో అడుగుపెడితే నేల నీలం, గోడ నీలం, పైన ఆకాశం ఏదో గోడ ఎక్కడ ఆగిందో తెలియదు. గోడల నిండా పూలకుండీలు, గడప గడపకూ ఒక పిల్లి. అక్క ముందు నడిచింది. పది అడుగులకోసారి ఆగేది, గోడను అరచేత్తో తడిమేది, ఎవరింటి తలుపు మీదో తట్టడానికి బిగించిన ఇత్తడి చెయ్యి ఉంటే దాన్ని చూస్తూ నిలబడేది. మేమూ ఆగేవాళ్ళం. అట్లా ఒక అరగంట నడిచామో లేదో వదిన ఫోను తీసింది. ఆ ఊళ్ళో చూసి తీరాల్సిన చోట్లని ఎవరో చేసిన జాబితా ఉందట, పదకొండు చోట్లు, అన్నీ పైన.

అక్కడి నుంచి మెట్లు మొదలయ్యాయి. వదిన ఆ మెట్ల వంక, అక్క బూటు వంక చూసి, "అక్కా, ఇవి నీవల్ల కాదు. నువ్విక్కడ కూర్చో, మేం పైకి పోయి పది నిమిషాల్లో వచ్చేస్తాం" అంది. నేస్తం తల ఊపింది. నేనేం చేశానో చెబుతాను వినండి. గోడవారగా ఉన్న రాతి దిమ్మ మీద నా తువ్వాలు పరిచాను, నీళ్ళ సీసా పక్కన పెట్టాను, ఎండ తగలకుండా గొడుగు విప్పి ఇచ్చాను. అందరికంటే శ్రద్ధగా వదిలేసింది నేనే. అక్క మా ముగ్గురి మొహాలూ ఒకసారి చూసి, "ఔ, పోయి రాండ్రి. నేను గీడనే కూసుంట" అంది. మేం దాటాం. యాభై ఏళ్ళలో మొదటిసారి ఆమె పక్కనుంచి ముందుకు పోయాం, నా చీర కొంగు ఆమె భుజానికి తగిలింది కూడా.

పది నిమిషాలు రెండున్నర గంటలైంది. ఒక్కో చోట జనం వరసలో నిలబడి ఒకే తలుపు ముందు ఒకే నవ్వు నవ్వి ఫోటోలు తీయించుకుంటున్నారు, మేమూ నిలబడ్డాం. వదిన సంచీలో రెండు చున్నీలు తెచ్చుకుంది, నీలానికి ఏది నప్పుతుందో చూసి మార్చుకుంది. పదకొండు చోట్లూ అయ్యాయి. ఏం చూశావని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒక్క గడపా గుర్తులేదు నాకు. నాంపల్లిలో ఏ గుమ్మానికి ఏ రంగు ఉండేదో ఇప్పటికీ చెప్పగలను, ఆ ఊరి సంగతి ఫోను తీస్తే తప్ప చెప్పలేను. సిగ్గులేకపోతే సరి.

కిందికి వచ్చేసరికి రాతి దిమ్మ మీద తువ్వాలు ఉంది, సీసా ఉంది, అక్క లేదు.  భాష రాని ఊరు, ఫోను ఆమె చేతిసంచీలో ఎప్పుడూ ఆపేసి ఉండేదే. సందు సందూ తిరిగాం, నేస్తం ఏడుపు మొదలుపెట్టింది. చివరికి పక్క సందులోనే, ఒక ఇంటి ముందు, నలుగురైదుగురు ఆడవాళ్ళు తమ గోడకు తామే రంగు వేసుకుంటుంటే, వాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని అక్క కనిపించింది. చేతిలో కుంచె. గోడ అడుగు భాగం, కూర్చున్న మనిషికి అందేంత మేర, ఆమెదే. మోచేతుల దాకా నీలం, ముక్కు మీద నీలం. అంత సంతోషంగా ఉన్న మొహం ఆమెకు ఉందని నాకు తెలియదు.

అప్పుడు మేం ఏం చేయాలి? ఆగాలి. ఆమె ఆగితే మేమూ ఆగాలి కదా. వదిన విసవిసా పోయి, "ఎక్కడికి పోయావక్కా, ఒక చోట కూర్చోమంటే కూర్చోలేవా, చచ్చిపోయాం భయంతో" అని అందరి ముందూ కేకలేసింది. నేనూ అన్నాను. "చిన్నపిల్లవా" అన్నాను. వదిలేసిపోయిన వాళ్ళం మేం, దబాయించిందీ మేమే. అక్క కుంచె ఆ ఇంటి ముసలావిడ చేతికిచ్చింది, వాళ్ళు తెచ్చిన నీళ్ళతో చేతులు కడుక్కుంది, ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్క నిమిషం నిలబడింది. మూడున్నర అయిందని మేం వ్యాను వైపు గబగబా నడిచాం. వ్యాను ఎక్కి కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు, కిందికి దిగుతున్నంతసేపూ ఆమె మా వెనుక ఉందని.

తక్కిన ప్రయాణమంతా మామూలుగానే మాట్లాడింది. హైదరాబాదు వచ్చాక రెండో శనివారాలకు రావడం మానేసింది. అడిగితే కాలు నొస్తుందంటుంది.

మొన్న ఆ ఫ్రేము చేతిలో పెట్టేసరికి ఇంక ఉండబట్టలేక, "ఇది తీసుకుపోయి ఆవిడకివ్వడానికి మనకు సిగ్గుండొద్దా వదినా" అన్నాను. వదిన చాయ్ సాసర్లో పోసుకుంటూ, నా మొహం కూడా చూడకుండా, "నువ్వు ఆగావా మరి" అంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నిజానికి నా కోపం వదిన మీద కాదు. వదిన అనుకున్నది చేసింది. నేను తప్పని తెలిసి, గొడుగు విప్పి చేశాను.

ఇప్పుడు కాచిగూడలో తన తమ్ముడింట్లో ఉంటోంది అక్క, హోటల్ నుంచి అటే పోయాను. ఫ్రేము సంచీలోంచి తీయలేదు. టైపుమిషను బల్ల ఇప్పుడు ఆమె గదిలో కిటికీ కింద ఉంది, అద్దం కింద ఏమీ లేదు, ముప్పై ఏళ్ళు కాగితం ఉన్నంత మేర చెక్క తక్కిన బల్ల కంటే కాస్త ముదురుగా ఉంది. నేను దాన్నే చూస్తుండడం చూసి, "తీసేసిన. చూసొచ్చినం గద" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు మేం చేసింది తప్పే అక్కా అన్నాను, నన్ను నాలుగు తిట్టమన్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. "నాకేం తక్కువ చేసిన్రు ఆ ఊరోళ్ళు. కుర్సీ అంటె సమజైంది గా ముసలామెకు, ఆళ్ళ బాసల గూడ గదే మాటంట, ఉరికి పోయి తెచ్చిచ్చింది" అని నవ్వింది. అదే గొంతుతో, "మీరు గిన్నేండ్లు మా అమ్మ మాటకు ఆగిన్రు. నా కోసరం ఆగిన్రనుకున్న నేను" అంది.

 మొదట పెద్దమ్మ మాటకే ఆగాం, నిజమే. కానీ ఎప్పుడో మధ్యలో, గడియారాల తాత దగ్గరో, చిలక దగ్గరో, ఆమె కోసమే ఆగడం మొదలైందని నేను ఒట్టేసి చెప్పగలను. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇప్పుడు నాంపల్లిలో మెట్రో ఎక్కి కూర్చుంటే మేం పొద్దున్నంతా నడిచినంత దూరం కిటికీలోంచి రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎవరి వెనుకా నడవనక్కర్లేదు, ఎవరి కోసమూ నిలబడనక్కర్లేదు. ఎంతో సుఖమని మెచ్చుకున్నదాన్ని నేనే. ఆ సుఖం ఎప్పుడు కాళ్ళలోంచి ఒంట్లోకి ఎక్కిందో కనిపెట్టలేకపోయాను.

వెళ్ళొస్తానంటే సందు చివరిదాకా సాగనంపుతానని లేచింది. గేటు దగ్గర నేను అలవాటుగా పక్కకు తప్పుకుని నిలబడ్డాను. ఆమె కదల్లేదు, గేటు రెక్క పట్టుకుని నిలబడింది. "నువ్వు నడువు. నేను ఎనుక వస్త" అంది. నడిచాను. యాభై ఏళ్ళు ఆమె వీపు చూస్తూ నడిచినదాన్ని, వెనుక నుంచి వచ్చే ఆ బూటు చప్పుడు వింటూ, ఎంత మెల్లగా వేసినా నా అడుగు పెద్దదే అవుతుంటే, సందు చివరిదాకా తిరిగి చూడలేకపోయాను.