కొలవకుండా వదిలేసిన చలి

మొన్న పొద్దున, పుష్యమాసం నడుమ, ఫ్యాను కింద కూర్చుని కూడా కొంగుతో మెడ తుడుచుకుంటూ చిక్కుడుకాయలు తుంచుతున్న నా దగ్గరికి, తోటల చదువులో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి, మా నాన్నగారు ఎనభైల్లో రాసిన చలి పుస్తకాలు ఇంకా ఉన్నాయా ఆంటీ అని అడిగింది. ఆంటీ అన్నందుకు కాదుగానీ, ఆ పుస్తకాల మాట ఎత్తేసరికి తుంచిన కాయ గిన్నెలో కాక చెత్తలో వేశాను. మన ప్రాంతంలో ఏడాది మొత్తం మీద సగటు వేడి అప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో, దానికీ మామిడి పూతకీ ఏంటి సంబంధమో తేల్చడం ఆ పిల్ల పనట. పట్నాల లెక్కలు దొరికాయి గానీ, తోట మధ్యలో నిలబడి రోజూ రెండుపూటలా కొలిచి రాసిపెట్టినవాళ్లు తనకు తెలిసి మా నాన్నగారొక్కరేనట. ఆ మాటకి పొంగిపోవాలో భూమిలోకి కుంగిపోవాలో తెలియక, ముందు కాఫీ పెడతాను కూర్చో అమ్మాయ్ అని వంటింట్లోకి జారుకున్నాను. పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి. వాటిలో ఒక నెల తెల్లవారుజాము అంకెలు నేను రాసిన అబద్ధం. ఆ సంగతి నలభై ఏళ్లుగా నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మాది చాట్రాయి దగ్గర పల్లె. నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు, ఇంటి వెనక రెండెకరాల రసాల తోట. ఆ రోజుల చలి నా ఈడువాళ్లకి నేను చెప్పాలా! అమ్మ పాలు తోడేసి, గిన్నెకి పాత చీర చుట్టి, పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో పెట్టినా తెల్లారేసరికి అవి పాలలాగే ఉండేవి, పెరుగన్నం లేనిదే బడికి కదలని నేను ముఖం ముడుచుకునేదాన్ని. కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టి, అది కరిగేదాకా జుట్టు విరబోసుకుని గుమ్మంలో కూర్చుంటే, దెయ్యంలా ఉన్నావే అని నాయనమ్మ కసిరేది. కసిరి, తన శాలువాలో సగం నా మీద కప్పేది. ఆ సగం శాలువా కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుందంటే నవ్వకండి, అది కప్పుకునే చలి లేదు, కప్పే మనిషీ లేదు.

నాన్నగారికీ మా పెదనాన్నగారికీ ఏటా ఒక పేచీ. పెదనాన్నగారు పుట్టుక నుంచీ తోటల మనిషి, చెట్టు ఒక ఏడు విరగకాసి మరుసటేడు అలిసిపోయి ఊరుకుంటుంది, అంతకుమించి ఏం లేదు అనేవారు. కాదు అన్నయ్యా, తెల్లవారుజాముల్లో ఎంత చలి పడితే అంత పూత వస్తుంది అని నాన్నగారు. ఈ వాదన భోజనాల దగ్గర మొదలై చేతులు ఎండిపోయేదాకా సాగేది. చివరికి నాన్నగారు వడ్రంగి చేత గాలి ఆడేలా సందుల పలకలతో ఒక తెల్లటి పెట్టె చేయించి, నాలుగు కర్రల మీద తోట మధ్యలో నిలబెట్టి, అందులో థర్మామీటరు వేలాడదీశారు. సూర్యుడు రాకముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి చూసి రాయడం. డిసెంబరు ఆఖరున ఆ అంకెలన్నీ నా చేత కూడించి, భాగించి, ఏడాది మొత్తాన్నీ ఒక్క అంకె చేసి, పరీక్షా ఫలితం చదివినట్టు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవారు. అమ్మ మాత్రం, ఆ అంకెతో పెరుగు తోడుకుంటుందేమో కనుక్కోండి అనేది.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా, సరిగ్గా ధనుర్మాసం మొదట్లో, నాన్నగారికి బందరులో నెల రోజుల ట్రైనింగ్ పడింది. పుస్తకం నా చేతిలో పెట్టి, ఒక్క పూట కూడా తప్పకూడదమ్మా, నీ మీదే నమ్మకం అని చెప్పి బస్సెక్కారు. నాలుగు రోజులు బుద్ధిగానే లేచాను. ఐదో రోజు నుంచి పట్టిందండీ చలి, అమ్మో, అలాంటి చలి అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను! తోట కాపలా తాత, డెబ్భై ఏళ్ల మనిషి, నెగడు ముందు నుంచి కదలకుండా, నా జన్మలో ఇలాంటిది చూళ్లేదు పాపగారూ అన్నాడు. మంచు మోకాళ్ల దాకా తడిపేసేది. బొంతలోంచి చెయ్యి బయటపెట్టడానికే ఏడుపొచ్చే నాకు, తోట మధ్యకి వెళ్లి దీపం పట్టుకుని సన్నటి పాదరసం గీత చదవడమా? ఆ రోజు మానేశాను. పేజీ ఖాళీగా ఉంటే నాన్నగారు బాధపడతారని, కిందటేడు అదే రోజు అంకె చూసి, కాస్త అటూ ఇటూ మార్చి వేశాను. అది ఎంత సుళువుగా ఉందంటే, మర్నాడూ వేశాను, నెలంతా వేశాను. మధ్యాహ్నం లెక్క మాత్రం నిజాయితీగా నాన్నగారు చూసే వేళకే చూసేదాన్ని, సెలవు రోజుల్లో నేనూ, కాలేజీ రోజుల్లో నేను చదవడం నేర్పిపెట్టిన అమ్మా. ఏం నిజాయితీయో!

నాన్నగారు తిరిగొచ్చేసరికి తోట చూడాలి. ఆకు కనబడకుండా పూత. రెడ్డిగూడెం నుంచి కూడా జనం చూడ్డానికి వచ్చారు. సంచీ అయినా దించకుండా ఆయన చెట్ల కింద చిన్నపిల్లాడిలా తిరిగి, చూశావా, చూశావా అంటూ లోపలికొచ్చి పుస్తకం తెరిచారు. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు. కిందటేడు శీతాకాలం వెచ్చగా గడిచింది, పూత పలచగా వచ్చింది. ఈ ఏడు అంకెలు చూస్తే అంతే వెచ్చన, పూత మాత్రం విరగబూసింది. అంకెలు కిందటేడువే కదా మరి, అలా కాక ఎలా ఉంటాయి! ఊరంతా చలి చలి అంటున్నారే అని నన్నడిగారు. అప్పుడు చెప్పాల్సింది. మంచు వల్ల అలా అనిపించిందేమో నాన్నగారూ అన్నాను, సైన్సు తెలిసినదానిలా.

ఆయన నన్ను అనుమానించలేదు, తన సిద్ధాంతాన్ని అనుమానించారు. ఆ సాయంత్రమే పెదనాన్నగారింటికి నడిచి వెళ్లి, నువ్వన్నదే నిజం అన్నయ్యా, చలికీ పూతకీ సంబంధం లేదు అని ఒప్పేసుకున్నారు. గెలిచినందుకు ఎగిరి గంతేస్తారనుకున్న పెదనాన్నగారు, పోనీలేరా అని భుజం మీద చెయ్యి వేశారు. వెంట వెళ్లిన నేను గుమ్మం దగ్గరే నిలబడి అదంతా చూశాను. ఆ ఏడాది లెక్క పూర్తిచేసి, నాన్నగారు కొలవడం మానేశారు.

తర్వాత నేను లెక్కల టీచర్నయ్యాను, కాపీ కొట్టిన పిల్లల్ని నిలబెట్టి మరీ తిట్టాను, తిట్టిన ప్రతిసారీ ఆ పేజీలే కళ్లముందు ఆడేవి. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. నాన్నగారి చివరి రోజుల్లో ఒకసారి, ఇలాగే చలి లేని పుష్యమాసంలో, బనీనుతో అరుగు మీద కూర్చుని, పూత విడతలు విడతలుగా వస్తోందే, ఎందుకంటావ్ అని నన్నే అడిగారు. నాకు తెలుసు ఎందుకో. కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి వచ్చేశాను. ఆ పై ఏడు ఆయన లేరు. ఇంత పిరికిదాన్ని కన్నారు పాపం.

మొన్న ఆ అమ్మాయికి మాత్రం చెప్పేశాను. పుస్తకాలిచ్చి, ఆ నెల పేజీలు విప్పి, ఈ తెల్లవారుజాము అంకెలు నేను పడుకుని రాసినవమ్మా, నమ్మకు, మిగతావన్నీ మా నాన్నగారివి, ఒక్క అంకె కూడా తప్పుండదు అన్నాను. ఆ పిల్ల కోప్పడలేదు, పర్లేదాంటీ, ఆ నెల ఖాళీగా వదిలేస్తాం అంది. అని, మీకు గుర్తున్నంతలో ఎంత ఉండి ఉండొచ్చంటారు అని అడిగింది. చటుక్కున ఒక అంకె నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. తెలియదమ్మా అన్నాను, ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఏడాది సగటు కాస్తంత పెరిగిందని చెబితే ఈ కాలం పిల్లలకి అదేం పెద్ద మాటలా అనిపించదు, ఆ కాస్తలో ఏమేం పోయాయో మనకి తెలుసు. ఆ పుస్తకాల్లో అన్ని చలికాలాలూ ఉన్నాయి, నేను చూసినవాటిలోకెల్లా గొప్పది తప్ప. నాన్నగారి మాటే నిజమని చూపించాలంటే అలాంటి చలి ఇంకొక్కసారి పడాలి, వస్తే ఈసారి ఒక్క పూట కూడా తప్పను, వణుక్కుంటూనే వెళ్తాను. ఏటా ధనుర్మాసంలో తెల్లవారకముందే మెలకువ వచ్చి, దుప్పటి తీసి చూసుకుంటాను. ఒళ్లంతా చెమట.