మావాడికి మాటలు రాకపోతే

మావాడికి రెండో పుట్టినరోజు వెళ్లిపోయినా నోట్లోంచి 'అమ్మ' అన్న మాట ఊడిపడలేదు. కూతలు కూసేవాడు, కేకలు పెట్టేవాడు, ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి బరబరా లాక్కుపోయేవాడు. మాట మాత్రం లేదు. వాడికన్నా చిన్నదైన పక్కింటి పాప మా గేటు పట్టుకుని ఊగుతూ "ఆంటీ, ఏం కూర?" అని అడిగేది. దాన్ని ఎత్తుకుని ముద్దాడేదాన్నే గానీ లోపల కడుపు రగిలిపోయేది. పసిదాని మీద ఏడుపేమిటే నీకు, అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఇంట్లో నా కంగారు ఎవరికీ పట్టలేదు. మా ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమాస్తా. సీజన్లో మనిషి ఇంటికి వచ్చేది తినడానికీ పడుకోడానికీ. మా అత్తగారు పాస్టరుగారితో వాడి నెత్తిన చెయ్యి పెట్టించి, ఇంక ఆ సంగతి దేవుడే చూసుకుంటాడని నిశ్చింతగా ఉంది.

"మా తమ్ముడు నాలుగేళ్లదాకా నోరిప్పనేదు. ఇప్పుడు సూడు, ఆడి నోరు ముయ్యించనేక సత్తన్నాం. మగపిల్లలకి మాట ఆలీసమే. నువ్వు ఊరికే గాబరా పడిపోకు" అనేది.

"చెవులోసారి చూపిద్దాం అత్తయ్యా" అన్నాను ఒకరోజు.

ఆవిడకి చర్రున కోపం వచ్చింది. "సెవులకేటొచ్చింది? ఇటు సూడు." వాడు గచ్చు మీద కూచుని ఏటికొప్పాక లక్కపిడతలు దొర్లించుకుంటున్నాడు. ఆవిడ వాడి వెనక్కి వెళ్లి స్టీలు కంచం ఒకటి దభీమని పడేసింది. వాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఇనిపించిందా, నేదా? ఇంక ఆ మాటెత్తకు."

ఊళ్లో చూపించిన డాక్టరుగారు కూడా కంచం సంగతి విని, అయితే చెవులు బాగానే ఉన్నట్టు, ఇంకొన్నాళ్లు చూద్దాం అన్నారు. సరే, చెవులు కాదు. మరి ఏమిటి? ఆ ప్రశ్న నన్ను ఒకచోట కూచోనివ్వలేదు. స్కూల్లో లెక్కలు చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. బడి వదలగానే కాళ్లు నెట్ సెంటర్ వైపు నడిచేవి.

అది మునగపాక షేరు ఆటోలు ఆగేచోట, ఒక మేడ మీద ఉండేది. ప్లైవుడ్ గదులు, ఒక్కోదానికీ ఒక పరదా. అటూ ఇటూ కాలేజీ కుర్రాళ్లు చాటింగుల్లో కిసుక్కుమంటుంటే, మధ్యలో నేను కుచ్చెళ్లు వైర్లకి తగులుకోకుండా సర్దుకుని, పిల్లలకి మాటలెందుకు రావు అని ఇంగ్లీషులో కొట్టేదాన్ని. కుప్పలు కుప్పలుగా వచ్చిపడేవి. ఒకడు సిరప్ అమ్ముతాడు. ఒకడు అంతా టీకాల వల్లే అంటాడు. ఒకావిడ గోధుమలు మానిపించమంటుంది, మా ఇంట్లో గోధుమలు తినేదెవరు తల్లీ? ఎవరో తల్లి తన కొడుకు జబ్బు గురించి రాసుకుంది. చదువుతుంటే ఆ లక్షణాలన్నీ మావాడివే అనిపించి పరదా చాటున కళ్లొత్తుకున్నాను. మర్నాడు వేరే జబ్బు గురించి చదివాను. అవీ మావాడివే.

ఒక పేజీ, మీ పిల్లాడు మెట్లెక్కుతాడా అని అడిగింది. మాది మెట్లున్న ఇల్లు కాదు. వాణ్ణి చంకనేసుకుని రైల్వేస్టేషన్ వంతెన దగ్గరికి పరిగెత్తాను. చకచకా ఎక్కేశాడు, దింపేస్తే మళ్లీ ఎక్కుతానని నేలమీద పడి దొర్లాడు. బొమ్మ ఫోనులో మాట్లాడినట్టు ఆడతాడా అంది. కొనితెచ్చి చెవి దగ్గర పెట్టాను. లాక్కుని నోట్లో పెట్టుకుని కొరికాడు. అంతే, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

వాడు తింటుంటే చూసేదాన్ని, ఆడుకుంటుంటే చూసేదాన్ని. "పిల్లోణ్ణి సూత్తన్నావా, పరీచ్చ పేపర్లు దిద్దుతన్నావా?" అని దెప్పింది అత్తగారు. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్నే.

చివరికి ఒక పిల్లల ఆసుపత్రి వాళ్ల పేజీ దొరికింది. రంగులూ హంగులూ లేవు, ఏమీ అమ్మడం లేదు. రాసిందెవరో, సరిచూసిన డాక్టర్లెవరో, ఎప్పుడు సరిచూశారో అడుగున ఉంది. ఏ జబ్బు పేరూ చెప్పి భయపెట్టలేదు. మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించండి, ఇంట్లో చప్పుళ్లకి తిరుగుతున్నా సరే చేయించండి, అంది. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఇక్కడ పడి దేవులాడింది ఈ ముక్క కోసమా? లేవబోతూ దాని కింది వాక్యం చదివాను. ఏ వస్తువైనా గట్టిగా పడితే నేల అదురుతుంది, ఆ అదురుకీ, కదిలిన నీడకీ కూడా పిల్లలు తిరుగుతారు, దాన్ని వినికిడి అనుకోవద్దు, అని ఉంది.

కంచం పడింది గచ్చు మీద. వాడు కూచున్నదీ గచ్చు మీదే.

ఇంటికెళ్లి చెప్పులైనా విప్పకుండా వాణ్ణి నవారు మంచం మీద గోడవైపు తిప్పి కూచోబెట్టాను. చేతికో లక్కపిడత ఇచ్చాను. అత్తగారికి కంచం అందించి "మళ్లీ పడెయ్యండి" అన్నాను.

"నీకేటైనా పిచ్చా?" అంటూనే పడేసింది. వీధిలో పోయేవాళ్లు తొంగిచూసేంత చప్పుడు. వాడు కదల్లేదు. నేను వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాను, అరిచాను, గొంతు జీరబోయేదాకా అరిచాను. వాడు పిడతకి మూత పెడుతున్నాడు, తీస్తున్నాడు.

"ఆటలో ఉన్నాడే" అంది అత్తగారు. కంచం మళ్లీ పడెయ్యడానికి మాత్రం ఆవిడకి చేతులు రాలేదు.

ఆ వారంలోనే మా ఆయనా నేనూ వాణ్ణి వైజాగ్ తీసుకెళ్లాం. మందిచ్చి నిద్రపుచ్చి, తలకి వైర్లు అంటించి చూశారు. రెండు చెవులకీ వినికిడి దాదాపు లేనట్టే అన్నారు. చెవులకి మిషన్లు పెట్టి మాటలు నేర్పించాలి, మరీ ఆలస్యం కాకముందే తెచ్చారు, అన్నారు. ఏడుపూ, ఇన్నాళ్లకి తెలిసిందన్న తెరిపీ రెండూ నాకు ఒక్కసారే వచ్చాయి. బస్సులో మా ఆయన అనకాపల్లి వచ్చేదాకా వాణ్ణి గుండెకి కరుచుకునే కూచున్నాడు.

అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటన్నారు?"

చెప్పాను.

"ఏటీ ఇనిపించదా?"

"పుట్టినప్పట్నించీ అంతేనట అత్తయ్యా."

ఆవిడ అరుగు మీద కూలబడింది. "పురిట్లోంచి నా ఒళ్లోనే కదే నిద్రోయేవోడు. తెలిసిన కీర్తనలన్నీ పాడి పాడి జోకొట్టేను. నా పాటకే నిద్రోతన్నాడనుకున్నాను. ఓలమ్మా, ఒక్కటీ ఇననేదా?"

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ కాసేపు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, మా ఆయన చంకలోంచి వాణ్ణి లాక్కుంది. ఎదురుగా కూచోబెట్టుకుని, గడ్డం పట్టుకుని తన నోటివైపు తిప్పుకుని, మొదటి కీర్తన మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.