ఫుల్ బాడీ

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంటర్న్‌షిప్ దొరికింది, గది దొరకలేదు. నేను చదువుతున్న కైసర్స్‌లౌటర్న్ నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తే ఉద్యోగమైనా పోతుంది, మతైనా పోతుంది. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం, పై గది అద్దెకిస్తారని విని, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక రిటైరైన తెలుగు డాక్టరుగారి ఇంటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

ఆయన జర్మనీ వచ్చి నలభై ఏళ్లు దాటింది. మాలాంటి మాస్టర్స్ విద్యార్థులంటే ఆయనకు పడదు. తలుపు తీస్తూనే, "బూట్లు బయటే. మీవాళ్లకి చెబితేగాని తెలీదు," అన్నారు. అప్పటికే విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాను.

టేబుల్ మీద గాజు కూజాలో ఎర్ర వైన్. దక్షిణ ఫ్రాన్సులో, సముద్రం దగ్గరి కొండల మీద పండిన మూడు రకాల ద్రాక్షలు కలిపి చేసిందట. గాలి తగిలి వైన్ ఊపిరి పీల్చుకోవాలని పొద్దున్నే కూజాలో పోశారట. ఆ ఇంట్లో ఆ వెసులుబాటు దానికొక్కదానికే ఉన్నట్టుంది. ఆయన భార్య, ఆంటీ, వంటింటి గుమ్మం దగ్గర చప్పుడు చేయకుండా నిలబడ్డారు.

డాక్టరుగారు నా గ్లాసు అడుగున కాస్త పోశారు. మా కరీంనగర్‌లో చుట్టానికి మజ్జిగ అంతే పోస్తే, ఆ ఇంటితో ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిపోతాయి. ఇంకా పోస్తారేమోనని గ్లాసు అలాగే చాపి ఉంచాను.

"ఏంటోయ్ చాపుతావ్? ఇదేం కల్లనుకున్నావా? వాసన చూడు. ఏమొస్తోంది?"

"ద్రాక్ష, అంకుల్."

"ద్రాక్షలో ద్రాక్ష వాసనొస్తే గొప్పేంటి? మిరియాలు, ఎండు కట్టె, తోలు! కారం తిని చచ్చిన నాలుకలు మీవి."

తోలు వాసన నా బూట్లకీ ఉంది. వాటినేమో బయట పెట్టించారు. గది గుర్తొచ్చి ఆ మాట మింగి, వైన్ తాగాను. చిక్కగా, బరువుగా, నేరేడుపండులా నాలుకను పట్టేసింది. బాగుంది. అందుకే నాకు ఇంకా మండింది.

"తెలిసిందా ఆ చిక్కదనం? బాడీ ఉంది దీనికి. ఫుల్ బాడీ! పోయిన నెల నేనే కారు డిక్కీలో వేసుకొచ్చా."

మా ఊళ్లో బాడీ అంటే ఒకటే అర్థం. అది ఆస్పత్రి నుంచి వస్తుంది, వెనకే చుట్టాలు ఏడుస్తూ వస్తారు. చెబుతున్నది డాక్టరు, తెచ్చింది డిక్కీలో. అన్నీ ఇలా అమర్చి ముందు పెడితే నోరెలా ఆగుతుంది?

"బార్డర్ల ఎవ్వలు ఆపలేదా అంకుల్? పోస్ట్‌మార్టం అయ్యిందా?"

గుమ్మం దగ్గర ఆంటీ పకపకా నవ్వారు. అరచెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "ఈయన బాడీ బాడీ అన్నప్పుడల్లా నాకూ అదే అనుమానం బాబూ. అడగాలంటే భయం!"

ఆయన నన్ను క్షమించేవారేమో. ఆ నవ్వును క్షమించలేదు. నా గ్లాసు లాక్కుని, ఎంగిలని కూడా చూడకుండా, మిగిలింది తన గ్లాసులో వంపుకున్నారు.

"అంకుల్, రూమ్ సంగతి..."

అప్పటిదాకా తెలుగులో తిట్టిన మనిషి జర్మన్‌లోకి మారారు. "ఇష్ మెల్డె మిష్." నేనే కబురు చేస్తానని అర్థం. ఇక్కడ గది వెతికిన ఎవరినైనా అడగండి, ఆ మాట అన్నవాళ్లు కబురు చేయరు.

బయట బూట్లు వేసుకుంటుంటే లోపల ఆంటీ నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇప్పుడు రోజూ తెల్లవారుజామునే రైలెక్కుతున్నాను. సీట్లో వాలిపోయిన నన్ను చూస్తే, ఫుల్ బాడీ అంటే ఏమిటో ఎవరికైనా తెలిసిపోతుంది.