నన్ను ఏడవనిచ్చిన ఖాలా

పోయిన శుక్రవారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి మా అత్తమ్మ ఫోన్ చేసింది. "ఖాలా పోయింది బిడ్డా. నమాజ్ చేసుకొని జరంత పండుకున్నదట, మళ్ల లేవలే" అని పెట్టేసింది. బడికి తయారవుతున్న నేను కామారెడ్డిలో మా మంచం మీద అలాగే కూర్చుండిపోయాను.

ఖాలా మాకు చుట్టం కాదు, ఎల్లారెడ్డిలో మా అత్తగారి పక్కింటావిడ. ఖాలా అంటే ఉర్దూలో చిన్నమ్మ. ఆ వాడలో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. చీరలకు ఫాల్ కుట్టేది. కళ్లజోడు కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకుని ఏళ్లు గడిపింది. సూదిలో దారం మాత్రం ఎవరినీ ఎక్కించనిచ్చేది కాదు.

పెళ్లయిన రెండో ఏడు నాకు నెల తప్పింది. అప్పుడు మేము ఎల్లారెడ్డిలోనే ఉండేవాళ్లం. రోజూ బస్సులో కామారెడ్డికి పోయి బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. చెప్పలేదు. తొమ్మిదో వారంలో రక్తం కనిపించింది. స్కానింగ్ చేసిన డాక్టరమ్మ, గుండె కొట్టుకోవడం లేదంది. రెండు రోజుల్లో అంతా అయిపోయింది.

ఎవరికీ చెప్పలేదు కనుక ఎవరూ పలకరించలేదు. తెలిసిన ఒకరిద్దరు "మొదట్లనే కదా, మళ్లైతది తియ్" అన్నారు. అత్తమ్మ వంటింట్లోంచి నాకు వినబడేలా, "దినాం ఆ బస్సుల కుదుపులకు నిలుస్తదా?" అంది. మా ఆయన ఎప్పటిలాగే పొద్దున్నే లేచి దుకాణానికి పోయేవాడు. అతనికి ఏ బాధా లేదనుకుని మాట్లాడడం మానేశాను.

నాలుగో రోజు ఖాలా నా చీర తిరిగివ్వడానికి వచ్చింది. నా ముఖం చూసి, తలుపు దగ్గరికి వేసి, పక్కన కూర్చుంది.

"ఎన్నో నెలల పోయింది, బేటీ?"

చెప్పాను.

"జరం గిట్ల వస్తున్నదా? రక్తం మస్తు పోతున్నదా? గట్లైతే ఇప్పుడే దవాఖానకు పోదాం."

లేదన్నాను. చీర పక్కన పెట్టి, "పేరేమన్న అనుకున్నవా?" అని అడిగింది.

అనుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పని ఆ పేరు ఆమెకు చెప్పి, ఆమె ఒడిలో ముఖం దాచుకున్నాను. ఊరుకోమనలేదు. "ఏడువు. ఎంత చిన్నగున్నా పోయింది నీ బిడ్డనే" అంది.

కొడుకు పుట్టకముందు ఆమెకు మూడుసార్లు అలాగే పోయిందని ఆ రోజే తెలిసింది. "నా మొగడు దుబాయిల ఉండె. ఫోన్ల చెప్తే 'సరే, పైలంగ ఉండు' అని పెట్టేసిండు. మనిషి కాదు, రాయి అనుకున్న. ఏడ్సినవా అని ఎన్నడు అడగలే. ఆయన పోయిండు. ఇగ ఎవర్ని అడుగుత? నువ్వు అడుగు, బేటీ."

ఆ సాయంత్రం అడిగాను. మా ఆయన నేల చూస్తూ చెప్పాడు. "దుకాణంల షట్టర్ సగం దించుకొని ఏడుస్తున్న. నువ్వు చూస్తే ఇంకింత బాధ పడ్తవని..."

తర్వాతి వారం డాక్టరుకు మళ్లీ చూపించుకోవాలి. ఖాలా నాతో బయల్దేరి, "నువ్వు గూడ రా వదినె" అని అత్తమ్మనూ లేవదీసింది. డాక్టరమ్మ ముందు కూర్చుని తనే అడిగింది.

"పిల్ల బస్సుల తిరిగినందుకే కడుపు పోయిందా అమ్మా? వీళ్లత్త ముంగట చెప్పుండ్రి."

"బస్సుతో కాదు, పనితో కాదు. మొదట్లో ఇట్లా పోయేవి ఎక్కువగా పిండం సరిగా ఏర్పడకనే పోతాయి. ఈ అమ్మాయి తప్పేం లేదు" అంది డాక్టరమ్మ.

బస్టాండులో అత్తమ్మ బెంచీ మీద కూర్చున్నాక, ఎటో చూస్తూ, "నాకూ ఒకటి పోయింది. మా అత్త నన్నూ గిట్లనే అన్నది" అంది. అత్తమ్మ ఏడవగా నేను చూడడం అదే మొదలు. ఖాలా ఆమె వీపు మీద చెయ్యి వేసి, మా బస్సు వచ్చి వెళ్లిపోయినా లేవలేదు.

మళ్లీ నెల తప్పినప్పుడు వారం కూడా ఆగకుండా ఖాలాకు చెప్పాను. "మంచిగ చేసినవ్. ఎవలకు చెప్పకుంటే, పోయిననాడు ఎవలకాడ ఏడుస్తం?" అంది. అదీ నిలవలేదు. కానీ ఈసారి ఇంట్లో ఖాలాతో సహా నలుగురం కలిసి ఏడ్చాం. మాకింకా పిల్లలు లేరు. పరీక్షలు చేయించుకుంటున్నాం.

శుక్రవారం మేము చేరేసరికి ఆమెకు స్నానం చేయించేశారు. ఆడవాళ్లం ఇంటి దగ్గరే ఉండిపోయాం. మా ఆయన తలకు చేతిరుమాలు కట్టుకుని మగవాళ్ల వెంట మట్టి వేయడానికి ఖబ్రస్తాన్‌కు పోయాడు.

చీకటి పడేవేళ కామారెడ్డి బస్సెక్కాం. ఆయన తలకు ఆ రుమాలు ఇంకా అలాగే ఉంది. గోరీలో వేసిన మట్టి గోళ్లలో ఇరుక్కుని, అరచేతి గీతల్లో ఎర్రగా ఆరిపోతోంది. ఆ చేతులను తొడల మీద వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చున్నాడు.